పెద్ద బిల్లు ఎవరి నెత్తిన? ప్రభుత్వ రీఇన్సూరెన్స్‌తో ఆరోగ్య బీమా ప్రీమియం తగ్గుతుందా

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త ఆరోగ్య బీమా విధానాన్ని ఆమోదించినప్పుడు అందరి కళ్లూ 25 లక్షల అంకె మీదే పడ్డాయి. తిరుపతిలో టీ కొట్టు దగ్గర మాటా అదే, వార్తల శీర్షికా అదే. నిజానికి ఆ విధానంలో ఎక్కువ పని చేసే అంకె రెండున్నర లక్షలు. కుటుంబానికి ఏడాదిలో అయ్యే వైద్యంలో రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ కడుతుంది. ఆ గీత దాటాక పేద కుటుంబాలకు 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు కడుతుంది. హైబ్రిడ్ విధానం అంటున్నది దీన్నే.

రీఇన్సూరెన్స్ అన్న పేరు ఎవరూ పెట్టలేదు గానీ ఇది చేసేది ఆ పనే, అంటే బీమా కంపెనీకే బీమా. తరచూ వచ్చే చిన్న బిల్లులు కంపెనీ మోస్తుంది, అరుదుగా వచ్చి నడుం విరిచే బిల్లును ప్రభుత్వం ఎత్తుకుంటుంది. ఇలా ఎత్తుకుంటే బీమా చవకవుతుందా, కొత్త కంపెనీలు ముందుకొస్తాయా అన్నది అమెరికాలో పదేళ్లకు పైగా నలిగిన ప్రశ్న. మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మన దేశంలో ప్రభుత్వ రీఇన్సూరెన్స్ అనగానే ఏజెంట్లకు గుర్తొచ్చేది జీఐసీ రీ. 1972 జాతీయీకరణ చట్టంతో పుట్టిన సంస్థ ఇది, 2000లో దేశానికి రీఇన్సూరర్‌గా మారింది. 1938 నాటి బీమా చట్టంలోని 101ఏ సెక్షను ప్రకారం ప్రతి సాధారణ బీమా కంపెనీ, ఆరోగ్య బీమా కంపెనీ తను రాసిన ప్రతి పాలసీలో కొంత వాటాను తప్పనిసరిగా దీనికి అప్పగించాలి. ఒకప్పుడు 20 శాతం ఉన్న ఆ వాటా తగ్గుతూ తగ్గుతూ 2022-23లో 4 శాతానికి వచ్చింది.

అంటే మీరు 20 వేల ప్రీమియం కడితే అందులో 800 జీఐసీ రీకి వెళ్తుంది. జీఐసీ రీ ఇచ్చే కమిషన్ 15 శాతం అనుకుంటే 120 కంపెనీకి తిరిగొస్తుంది. రేపు మీకు 5 లక్షల క్లెయిమ్ వస్తే అందులో 20 వేలు జీఐసీ రీ భరిస్తుంది. లాభంలో నాలుగు పాళ్లు, నష్టంలో నాలుగు పాళ్లు, అంతే. ఇందులో ప్రభుత్వం జేబులోంచి రూపాయి రాలేదు. కంపెనీ డబ్బిచ్చి కొనుక్కున్న సేవ ఇది, కాకపోతే కొనక తప్పదు. కాబట్టి "గవర్నమెంటు వెనకుంది సార్, అందుకే మా ప్రీమియం తక్కువ" అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. వెనకున్న మాట నిజమే, తక్కువకు మాత్రం అది కారణం కాదు.

ప్రీమియం తగ్గించగలిగేది రెండో రకం. అందులో ప్రభుత్వం ప్రీమియం తీసుకోకుండా, పన్నుల సొమ్ముతో, పెద్ద క్లెయిముల్లో కొంత భాగం కడుతుంది. లెక్క వేస్తేనే ఇది బోధపడుతుంది.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒక కంపెనీకి 10 వేల కుటుంబాలు ఉన్నాయనుకుందాం. ఈ అంకెలన్నీ వివరించడానికి వేసుకున్నవే. ఏడాదిలో 9,400 కుటుంబాలు ఆసుపత్రి గడప తొక్కవు. 550 కుటుంబాలు సగటున 50 వేల బిల్లు తెస్తాయి, మొత్తం 2 కోట్ల 75 లక్షలు. 45 కుటుంబాలకు తలా 3 లక్షలు, మొత్తం కోటీ 35 లక్షలు. చివరి 5 కుటుంబాలకు తలా 20 లక్షలు, కోటి రూపాయలు. అంతా కలిపితే 5 కోట్ల 10 లక్షలు, కుటుంబానికి 5,100. ఏజెంటు కమిషను, ఆఫీసు అద్దె, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ) రుసుము, లాభం కలిపి ప్రీమియంలో 30 శాతం పోతుందనుకుంటే కుటుంబం కట్టాల్సింది 7,286.

ఇప్పుడు ప్రభుత్వం వచ్చి, బిల్లు రెండున్నర లక్షలు దాటితే దాటిన దాంట్లో 80 శాతం నాది అంటుంది. మూడు లక్షల బిల్లుల్లో ఒక్కొక్కదానికి 40 వేలు, మొత్తం 18 లక్షలు. ఇరవై లక్షల బిల్లుల్లో ఒక్కొక్కదానికి 14 లక్షలు, మొత్తం 70 లక్షలు. ప్రభుత్వానికి ఖర్చు 88 లక్షలు, అంటే కుటుంబానికి 880. కంపెనీ మోసే క్లెయిములు 4 కోట్ల 22 లక్షలకు దిగుతాయి.

మరి ప్రీమియం ఎంత తగ్గుతుంది? ఖర్చులు కూడా అదే 30 శాతంగా తగ్గితే కొత్త ప్రీమియం 6,029, మిగులు 1,257. ఖర్చులు రూపాయల్లో పాతవే ఉండిపోతే, అద్దెలు రీఇన్సూరెన్స్ చూసి తగ్గవు కదా, ప్రీమియం 6,406 దగ్గర ఆగుతుంది, మిగులు 880 మాత్రమే. ఆ ఊళ్లో ఇంకో కంపెనీ లేకపోతే? ప్రీమియం 7,000 చేసి, "తగ్గించాం" అని బోర్డు పెట్టి, మిగతాది లాభంలో వేసుకోవచ్చు. అడిగేవాడు నియంత్రణ సంస్థలో ఉండాలి, లేదా పోటీదారుడు ఎదురు వీధిలో ఉండాలి.

2025 మామిడి సీజన్లో తోతాపురికి కిలో 12 రూపాయలు అన్న మాట చిత్తూరు రైతుకు గుర్తుండే ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి. ప్రభుత్వం 4 సంగతి సరే, ఆ 8 సరిగా వస్తుందా అన్న దగ్గర గొడవ నడిచింది. అక్కడ సాయం రైతు ఖాతాకు ఉద్దేశించింది, కనుక ఎంత పడిందో రైతుకు తెలుస్తుంది. రీఇన్సూరెన్స్‌లో సాయం వెళ్లేది కంపెనీ ఖాతాకి. అక్కడ్నుంచి పాలసీదారుడి దాకా ఎంత దిగిందో రసీదులో ఎక్కడా రాయరు.

ఈ పద్ధతిని అన్ని కోణాల్లో వాడి చూసిన దేశం అమెరికా. అక్కడి ఆరోగ్య చట్టం కింద 2014 నుంచి 2016 దాకా మూడేళ్ల తాత్కాలిక రీఇన్సూరెన్స్ నడిచింది. 2014లో ఒక రోగి ఖర్చు 45 వేల డాలర్లు దాటితే, రెండున్నర లక్షల డాలర్ల దాకా, మధ్య మొత్తంలో 80 శాతం కడతామన్నారు. డబ్బు ఎక్కడిది? కంపెనీల ఉద్యోగ బీమాతో సహా దేశంలోని ఆరోగ్య పాలసీల్లో ఉన్న ఒక్కో మనిషి మీద వసూలు చేశారు: మొదటి ఏడాది 63 డాలర్లు, తర్వాత 44, ఆ తర్వాత 27. అంటే ఉద్యోగస్తుల బీమా నుంచి తీసి విడిగా కొనుక్కునేవాళ్ల బీమాలో పోశారు. పోసిన చోట తగ్గింది, తీసిన చోట కాస్త పెరిగింది. అందరి దగ్గరా తీసి అందరికీ పోస్తే మన లెక్కలో 880 ఇచ్చి 880 తీసుకున్నట్టే, మధ్యలో గుమాస్తాల జీతం దండగ.

ఇంకో పొరపాటు సమయానికి సంబంధించింది. 2014కు వసూళ్లు అవసరానికి మించి ఉండడంతో 80 శాతాన్ని 100 శాతం చేశారు. ప్రకటించింది మాత్రం 2015లో. ప్రీమియాలు నిర్ణయించి, వసూలు చేసి, ఏడాది గడిచిపోయాక వచ్చిన ఆ 20 శాతం వల్ల ఏ పాలసీదారుడికీ 2014లో ఒక్క డాలరు తగ్గలేదు, కంపెనీల పుస్తకాలు మాత్రం తేరుకున్నాయి. రీఇన్సూరెన్స్ షరతులు కంపెనీలు రేట్లు వేసుకునే ముందే తెలియాలి. వెనక నుంచి వచ్చిన ఔదార్యం వాటాదారుడికి పోతుంది.

మూడేళ్ల పథకం ముగిశాక రాష్ట్రాలు సొంతంగా మొదలుపెట్టాయి. అలాస్కాలో విడి పాలసీలు అమ్మేది 2017కి ప్రీమెరా అనే కంపెనీ ఒక్కటే మిగిలింది. 40 శాతానికి పైగా పెరగాల్సిన ప్రీమియం, రాష్ట్రం 5 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టడంతో 7 శాతం దగ్గర ఆగింది. అలాస్కా బిల్లు సైజును చూడలేదు, జబ్బుల జాబితా పెట్టుకుంది. ఆ జాబితాలో ఉన్న జబ్బు వస్తే ఆ రోగి ఖర్చు రాష్ట్ర నిధికి మారుతుంది. మేరీలాండ్ మాత్రం బిల్లు సైజునే పట్టుకుంది: 20 వేల డాలర్ల నుంచి రెండున్నర లక్షల దాకా 80 శాతం. 2019లో సగటున 30 శాతం పెంచుతామన్న కంపెనీలు 13 శాతం తగ్గించాయి. ఆ ఏడాది కేంద్రం బీమా కంపెనీల మీద ఒక పన్నును ఆపేస్తే, మేరీలాండ్ దాదాపు అంతే మొత్తాన్ని రాష్ట్ర రుసుముగా వసూలు చేసి నిధిలో వేసింది. కంపెనీలకు కొత్త భారం లేదు, జనానికి తగ్గింపు దొరికింది. ఇంత చక్కగా కుదరడం అరుదు.

తిరుపతిలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు, కాబట్టి అక్కడి ఒక వింత కూడా చెప్పుకోవాలి. అక్కడ ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో సబ్సిడీ వస్తుంది. ఆ సబ్సిడీని సిల్వర్ అనే తరగతిలో రెండో చవక పాలసీ ధరను బట్టి లెక్కిస్తారు. ఆ ధర నెలకు 600 డాలర్లు, ఆదాయం ప్రకారం మీరు కట్టాల్సింది 150 అనుకుంటే సబ్సిడీ 450. ఇంకా చవకైన బ్రాంజ్ పాలసీ ధర సరిగ్గా 450 అయితే అది మీకు ఉచితం. రీఇన్సూరెన్స్ వచ్చి అన్ని ధరలూ ఆరో వంతు తగ్గాయి: సిల్వర్ 500, బ్రాంజ్ 375. సబ్సిడీ 350కి పడిపోయింది. నిన్న ఉచితంగా ఉన్న బ్రాంజ్‌కి ఇవాళ నెలకు 25 డాలర్లు కట్టాలి. ధర తగ్గింది, చేతి ఖర్చు పెరిగింది. సబ్సిడీ లేని మధ్యతరగతికి లాభం, సబ్సిడీతో బతికేవాడికి లాభం లేదు, కొన్నిసార్లు నష్టం. సబ్సిడీలో మిగిలిన సొమ్మును కేంద్రం రాష్ట్ర నిధికి ఇస్తుంది, ఆ రాష్ట్ర పథకాలు నిలబడింది చాలావరకు దాని మీదే.

పోటీ సంగతికి వద్దాం. చాలామంది వ్యాఖ్యాతలు తేల్చేసి వెళ్లిపోయేది ఇక్కడే. మన లెక్కలో 10 వేల కుటుంబాల కంపెనీకి ఏడాదికి 5 పెద్ద బిల్లులు వస్తాయనుకున్నాం. ఒక ఏడాది 9 రావచ్చు, అందులో ఆశ్చర్యం లేదు. అదనంగా 80 లక్షల దెబ్బ. అదే 10 లక్షల కుటుంబాలున్న కంపెనీకి 500 రావాల్సిన చోట 900 రావడం మాత్రం దాదాపు అసాధ్యం, ఏ 530 దగ్గరో ఆగుతుంది. పెద్ద కంపెనీకి దాని పరిమాణమే రీఇన్సూరెన్స్. చిన్నదానికి ఆ అదృష్టం లేదు, కాబట్టి భయానికి ఒక ధర కట్టి ప్రీమియంలో కలుపుతుంది, లేదా ఈ జిల్లా మనకొద్దు అని వెళ్లిపోతుంది. ప్రభుత్వం రెండున్నర లక్షల పైన 80 శాతం మోస్తే ఆ 9 బిల్లుల ఏడాదిలో చిన్న కంపెనీకి అదనపు దెబ్బ 24 లక్షలే. ఆరోగ్య బీమా కంపెనీ పెట్టడానికి కనీస మూలధనం 100 కోట్లు, ఆ పైన సాల్వెన్సీ నిష్పత్తి, అంటే క్లెయిములు తీర్చే స్తోమతకు కొలత, 1.5 కంటే తగ్గకూడదు. ఊగిసలాట తగ్గితే అదే మూలధనంతో ఎక్కువ పాలసీలు రాయొచ్చు.

అలాగని రీఇన్సూరెన్స్ పెట్టగానే కంపెనీలు క్యూ కట్టవు. ఒక ఊళ్లో పోటీకి అసలు అడ్డు చాలాసార్లు ఆసుపత్రుల ఒప్పందాలు. తిరుపతిలో క్యాష్‌లెస్ ఇవ్వగలిగిన పెద్ద ఆసుపత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటితో మంచి రేటు కుదుర్చుకోలేని కొత్త కంపెనీకి ప్రభుత్వం పెద్ద బిల్లు ఎత్తుకున్నా ఒరిగేది కొంచెమే.

ఇప్పుడు మన హైబ్రిడ్ గీత దగ్గరకు మళ్లీ రావాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు బీమా కంపెనీ ద్వారానే నడిచింది, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. రెండు పద్ధతులూ ఈ రాష్ట్రం ఎరిగినవే. ఇక్కడ ప్రీమియం కట్టేది జనం కాదు, ప్రభుత్వం. పోటీ జరిగేది దుకాణంలో కాదు, టెండరులో. గీత రెండున్నర లక్షల దగ్గర ఉండడం వల్ల కంపెనీకి గరిష్ఠ నష్టం ముందే తెలుస్తుంది కాబట్టి మరిన్ని కంపెనీలు ధైర్యంగా టెండరు వేయగలవు. ఆ మేరకు మంచి ఎత్తుగడ.

అమెరికాలో మేరీలాండ్ గీత పైన కూడా కంపెనీకి 20 శాతం వదిలింది, మనది గీత పైన మొత్తం ట్రస్టుదే. ఆ 20 శాతం కాపలా కుక్క లాంటిది. తన డబ్బు కొంత పోతుంటేనే కంపెనీ పెద్ద బిల్లును తిప్పి చూస్తుంది, స్టెంట్ రెండా మూడా అని అడుగుతుంది. వాటా సున్నా అయితే గీత దాటిన బిల్లును ట్రస్టు వైపు నెట్టేసి చేతులు దులుపుకోవడమే దానికి లాభం.

ఆసుపత్రి కౌంటరు దగ్గర ఇదెలా ఉంటుందో చూడండి. చంద్రగిరి వైపు పల్లె నుంచి ఒకాయన తిరుపతిలో డయాలసిస్ చేయించుకుంటున్నాడనుకుందాం. అక్టోబరుకల్లా కుటుంబం లెక్కలో 2,10,000 అయిపోయింది. నవంబరులో గుండె ఆపరేషన్, లక్షా 30 వేల ప్యాకేజీ. అందులో 40 వేలు కంపెనీది, 90 వేలు ట్రస్టుది. ఒకే ఆపరేషన్‌కి ఇద్దరు చెల్లింపుదారులు. ముందస్తు అనుమతి ఎవరివ్వాలి? అదే వారంలో ఆయన భార్య కూడా ఇంకో ఆసుపత్రిలో చేరితే, గీత ముందు ఏ బిల్లుకి దాటినట్టు? కుటుంబం ఖాతాలో ఈ రోజుకి ఎంత అయిందో చూపే లెక్క ఒకే చోట, ఒకే తెర మీద, ఆసుపత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్రకి కనపడకపోతే రోగి రెండు కౌంటర్ల మధ్య తిరుగుతాడు. ఎంత మంచి పథకమైనా నలిగేది ఈ గుమాస్తా పని దగ్గరే. టెండరు పత్రంలో ఒక వాక్యం ఉంటే చాలు: గీత దాటే కేసుల్లో అనుమతి ఒక్కరే ఇస్తారు, వాటాలు తర్వాత వాళ్లలో వాళ్లు పంచుకుంటారు.

రెండో వాక్యం కూడా ఉండాలి. పంటల బీమాలో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 2020లో వాడిన పద్ధతి ఇది: పరిహారం ప్రీమియంలో 110 శాతం దాటితే దాటింది రాష్ట్రానిది, పరిహారం బాగా తక్కువైతే కంపెనీ ప్రీమియంలో 20 శాతం ఉంచుకుని మిగతాది తిరిగిచ్చేయాలి. నష్టం పైకప్పు ప్రభుత్వం మోస్తుంటే లాభానికీ పైకప్పు ఉండడం న్యాయం. ఒకవైపు కప్పు వేసి రెండోవైపు వదిలేస్తే కంపెనీలు గీత కింద బిల్లుల్ని కోయడం మొదలుపెడతాయి, ఎందుకంటే వాటికి మిగులు అక్కడే ఉంది.

సొంతంగా పాలసీ కొనేవాళ్లకు ఈ మధ్య వచ్చిన అసలు తగ్గింపు రీఇన్సూరెన్స్ వల్ల కాదు, పన్ను వల్ల. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 20 వేల పాలసీకి 3,600 మిగులు. ఆ పాలసీల రీఇన్సూరెన్స్ మీద కూడా పన్ను ఎత్తేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎత్తకపోతే కంపెనీ రీఇన్సూరర్‌కి కట్టిన పన్ను తిరిగి రాక ప్రీమియంలో ఇరుక్కునేది. కమిషన్లు, అద్దెల మీద కట్టే పన్ను మాత్రం అలా ఇరుక్కుంది, కాబట్టి మూల ప్రీమియం కాస్త పైకి జరిగితే కారణం అది కావచ్చు. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు వర్తించదు.

కంపెనీ రీఇన్సూరెన్స్ మీద ఎంత ఆధారపడిందో చూడాలంటే దాని వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ తెరవండి. ఎన్ఎల్-4 ప్రీమియం పట్టిక, ఎన్ఎల్-5 క్లెయిముల పట్టిక. మొదటిదాంట్లో రీఇన్సూరెన్స్‌కి ఇచ్చింది తీసేశాక మిగిలిన ప్రీమియాన్ని మొత్తం ప్రీమియంతో భాగించండి. 95 శాతం దరిదాపుల్లో ఉంటే కంపెనీ తప్పనిసరి 4 శాతం దాటి పెద్దగా ఇవ్వలేదన్నమాట. 70కి దిగితే రీఇన్సూరర్లు రేటు పెంచిన ఏడాది మీ రెన్యూవల్‌లోనూ ఆ వేడి తగలొచ్చు. అరవై దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో చెప్పింది, కాబట్టి ఆ భారం కుర్రవాళ్ల పాలసీల వైపు జరిగే అవకాశమూ ఉంది.

ఇంటి స్థాయిలో ఇదే సూత్రం సూపర్ టాప్‌అప్. 5 లక్షల మూల పాలసీ, దాని పైన 5 లక్షలు దాటాక మొదలయ్యే ఇంకో పాలసీ. ఇక్కడా గీత ఎలా గీశారన్నదే ముఖ్యం. ఏడాదిలో మూడుసార్లు ఆసుపత్రిలో చేరి ప్రతిసారీ 3 లక్షల బిల్లు వచ్చిందనుకోండి, మొత్తం 9 లక్షలు. మామూలు టాప్‌అప్ ఒక్కో బిల్లునీ విడిగా చూస్తుంది, ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి పైసా ఇవ్వదు, 4 లక్షలు మీ చేతి నుంచే. సూపర్ టాప్‌అప్ ఏడాది మొత్తం కలిపి చూస్తుంది, ఆ 4 లక్షలూ అదే కడుతుంది. రెంటికీ ప్రీమియంలో తేడా అంత పెద్దది కాదు. కొనే ముందు పాలసీ పత్రంలో డిడక్టబుల్ (ఆ పాలసీ చెల్లింపు మొదలయ్యే గీత) అన్న మాట పక్కన ప్రతి క్లెయిముకా, ఏడాది మొత్తానికా అని రాసి ఉంటుంది, ఆ ఒక్క ముక్క చదవండి. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి చూపించుకునేవాళ్లు ఆ ఆసుపత్రి రెండు పాలసీల నెట్‌వర్క్ జాబితాల్లోనూ ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే గీత దాటిన బిల్లుకి ముందు మీరే కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ కోసం కాగితాలు పంపాలి.